అంబారీలో దీపం: ఇరుకు చోట సన్నని తీగకు తొడుగు వేయడం

మా ఇంట్లో సంక్రాంతి బొమ్మల కొలువులో పై మెట్టు ఏనుగు అంబారీదే. కొండపల్లి బొమ్మ. మా అత్తగారు కొన్నది. పందిరి కింద రాజుగారు కూర్చుని ఉంటారు గానీ సాయంత్రమైతే ఆయన ముఖం ఎవరికీ కనిపించదు. ‘‘అమ్మమ్మా, లోపల చిన్న దీపం పెట్టకూడదా?’’ అంది మనవరాలు. పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో ఉద్యోగం చేసి, ఏటా కొత్త పిల్లల చేతికి సోల్డరింగ్ ఐరన్ ఇచ్చి రిటైరైనదాన్ని. ఇదెంత పని అనుకున్నాను.

భోగి ముందురోజు రాత్రి పందిరి కర్ర ఒకటి నిలువునా చీలింది.

తప్పు నాదే. పందిరిని మోసే కర్రల మందం 5 మిల్లీమీటర్లు. వెనకవైపు బ్లేడుతో గాడి తీసి మామూలు ప్లాస్టిక్ వైర్లు రెండు దూర్చాను. మధ్యలో ఒక్కోదానికి ఒక అతుకు పడింది. అతుకు మీద నల్ల టేపు రెండు చుట్లు చుట్టి, గాడిలో పట్టకపోతే బొటనవేలితో నొక్కాను. తెల్ల పొణికి మెత్తటి కర్ర, ఆ ఒత్తిడి భరించలేదు. మరుసటి ఏడు టేపు మానేసి గోళ్ల రంగు పూశాను. దీపం వెలిగింది, గంటకు ఆరిపోయింది, ముట్టుకుంటే చార్జరు వేడిగా ఉంది. మూడో ఏడు చేసినది ఇప్పటికీ వెలుగుతోంది. అందులో పసుపు ఒకటి, తెల్లది ఒకటి, రెండు ఎల్‌ఈడీ దీపాలు. ఒక్కోదానికి ఒక ప్లస్ తీగ, రెండింటికీ ఉమ్మడిగా ఒక మైనస్ తీగ, మొత్తం మూడు. ఆ మూడో ఏటి పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. మీది అంబారీ కాకపోవచ్చు. కళ్లజోడు కాడలోనో, గోడ గడియారం వెనకనో, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోనులోనో ఇదే ఇబ్బంది వస్తుంది.

ఒక హద్దు ముందే చెప్పాలి. ఇదంతా 5 వోల్టుల చార్జరుతో గానీ చిన్న బ్యాటరీలతో గానీ నడిచే వాటికే. 230 వోల్టుల ఇంటి కరెంటుకు సన్నని తీగ, పలుచని తొడుగు పనికిరావు. గోడ సాకెట్లో నేరుగా గుచ్చే సీరియల్ బల్బుల దండను కత్తిరించి బొమ్మల్లోకి దూర్చే ఆలోచన ఉంటే ఇక్కడే మానుకోండి.

మందం లెక్క

కొనడానికి బయలుదేరే ముందు కాగితం మీద లెక్క వేయాలి. నల్ల టేపు మందం సుమారు 0.125 మి.మీ. తక్కువేగా అనిపిస్తుంది. కానీ ఒక చుట్టు వేస్తే తీగకు రెండు పక్కలా పెరుగుతుంది, అంటే వ్యాసంలో పావు మిల్లీమీటరు. రెండు చుట్లకు అర మిల్లీమీటరు. పక్కపక్కనే రెండు తీగలుంటే మొత్తం మీద ఒక మిల్లీమీటరు. నా గాడి వెడల్పే మిల్లీమీటరు! తీగ పట్టాల్సిన చోటంతా టేపుకే సరిపోయింది. పైగా మా విజయవాడ ఎండలకు ఆ టేపు జిగురు కరిగి బయటికి కారుతుంది, ఏడాది తిరిగేసరికి చుట్టు దానంతటదే ఊడి వస్తుంది.

అందుకని ఇరుకు చోట తీగ మీద తొడుగు వేయడం కాదు, తొడుగుతో పుట్టిన తీగను తెచ్చుకోవడం మంచిది. మోటార్లు చుట్టే వైండింగ్ షాపులో దొరికే ఎనామెల్ తీగ అలాంటిది. రాగి రంగులో మెరుస్తూ వట్టి తీగలా కనిపిస్తుంది గానీ ఒళ్లంతా వార్నిష్ పూత ఉంటుంది. షాపులో గేజి లెక్కన అమ్ముతారు. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 36 గేజి అంటే రాగి మందం 0.19 మి.మీ., 40 గేజి అంటే 0.12 మి.మీ. నేను వాడేది 36. 40 గేజి ఇంకా సన్నం గానీ నా వయసు కళ్లకు, వేళ్లకు అది తీగ కాదు, వెంట్రుక. లాగేటప్పుడు తెగుతుంది కూడా. 36 గేజి తీగలు మూడు కలిపి పేనినా అర మిల్లీమీటరు చుట్టుపక్కలే ఉంటాయి. మిల్లీమీటరు గాడిలో హాయిగా పడుకుంటాయి.

వైండింగ్ షాపాయన మొదట నా మాట నమ్మలేదు. ‘‘ఎన్ని కిలోలు కావాలమ్మా?’’ అన్నాడు. నాలుగు మీటర్లన్నాను. పాత కాయిల్ నుంచి తీసిన తీగ చేతిలో పెట్టి డబ్బులు వద్దన్నాడు. ఉచితంగా వచ్చిన తీగ గనక పరీక్ష తప్పదు.

ఉప్పునీళ్ల పరీక్ష

కాయిల్ నుంచి విప్పిన తీగకు ఎక్కడో ఒకచోట పూత గీసుకుపోయి ఉంటుంది, కంటికి కనిపించదు. మా ల్యాబ్‌లో పిల్లలకు చూపించే చిట్కా ఒకటుంది. గ్లాసు నీళ్లలో రెండు చెంచాల ఉప్పు కలపండి. తీగను వదులుగా చుట్టి నీళ్లలో ముంచండి, రెండు కొసలూ గ్లాసు బయటే ఉండాలి. ఒక కొసన పూత గీకి 9 వోల్టుల బ్యాటరీ మైనస్‌కు తగిలించండి. ప్లస్ నుంచి ఇంకో తీగ ముక్క తెచ్చి కొసను నీళ్లలో ముంచండి. ఇప్పుడు గ్లాసు మీదికి వంగి చూడండి. పూత బాగుంటే ఏమీ జరగదు. ఎక్కడైనా చిల్లు ఉంటే సరిగ్గా అక్కడి నుంచి సన్నని బుడగల దారం ఒకటి పైకి లేస్తుంది, సోడా సీసాలో లేచినట్టు. చూసేందుకు ఎంత బాగుంటుందో! నా నాలుగు మీటర్లలో రెండుచోట్ల లేచింది. ఆ రెండు చోట్ల కత్తిరించి, మధ్యలో ఉన్న మంచి ముక్కను వాడుకున్నాను.

పది క్షణాలు చాలు, ఎక్కువసేపు ఉంచకండి. ప్లస్ వైపు కొంచెం క్లోరిన్ వాసన వస్తుంది, కిటికీ తెరిచి ఉంచండి. అయ్యాక తీగను మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఉప్పు మిగిలితే రాగికి చిలుము పడుతుంది.

ఈ పూతకు పగ ఒక్కటే, పదునైన మలుపు. తీగ మెలిపడి చిన్న ముడిలా బిగుసుకుందంటే అక్కడ పూత పగిలినట్టే. సాపు చేసి మళ్లీ వాడాలనుకోవద్దు. ఆ ముక్క తీసేయండి.

కొస గీకడం

సోల్డర్ (అతకడానికి కరిగించే లోహం) పట్టాలంటే కొసన మూడు నాలుగు మిల్లీమీటర్లు పూత పోవాలి. కొన్ని తీగల పూత పాలీయురేథేన్. ఐరన్ మొన మీద సోల్డర్ బొట్టు నిలిపి, 380 డిగ్రీల దగ్గర తీగ కొసను అందులో నాలుగైదు క్షణాలు ఉంచితే పూత దానంతటదే కాలి సోల్డర్ అంటుకుంటుంది. ఆ పొగ ముక్కులోకి పీల్చకూడదు. మోటార్ తీగల్లో చాలావాటికి పాలిస్టర్ రకం పూత ఉంటుంది, బొట్టులో ఎంతసేపు ముంచినా ఏమీ కాదు. వాటికి 400 నంబరు గరుకు కాగితాన్ని మడిచి, మధ్యలో తీగ పెట్టి, వేళ్లతో మెత్తగా నొక్కి లాగాలి. తీగను తిప్పుతూ నాలుగైదుసార్లు లాగితే రాగి గులాబీ రంగులో బయటపడుతుంది. అగ్గిపుల్లతో కాల్చేవాళ్లున్నారు. అలా చేస్తే రాగి నల్లబడుతుంది, సోల్డర్ పట్టదు, ఆ చోట తీగ పుటుక్కున విరుగుతుంది.

అతుకులు ఎదురెదురుగా కూర్చోకూడదు

ఇరుకు చోట అతుకే లేకుండా చూసుకోవడం మొదటి మాట. ఎల్‌ఈడీ కాలి దగ్గర మొదలైన తీగ కర్ర వెంట దిగి, ఏనుగు కింది పీట అడుగు దాకా ఒకే ముక్కగా రావాలి. మిగతా అతుకులన్నీ పీట కింద, చోటున్న దగ్గర.

కానీ మూడో ఏడు కూడా పసుపు దీపం తాలూకు తీగ కర్ర మధ్యలో తెగింది. గాడిలో తీగను నొక్కడానికి నేను వాడిన పిన్నీసు మొన చేసిన పని. మొత్తం విప్పే ఓపిక లేదు. పోనీ సరిగ్గా అతుకుదామని, పక్క తీగను కూడా కత్తిరించి రెండింటినీ మళ్లీ కలపాలని నిర్ణయించుకున్నాను. మొదటి ఏడు రెండు అతుకులూ ఒకే ఎత్తులో పెట్టాను, రెండు ముళ్లు భుజాలు రాసుకున్నాయి. ఈసారి ఒక తీగను 10 మి.మీ. పైన, రెండోదాన్ని 10 మి.మీ. కింద కత్తిరించాను. అప్పుడు ఒక అతుకు ఎదురుగా ఇంకో తీగ పూత ఉంటుంది గానీ ఇంకో అతుకు ఉండదు. తొడుగు జారినా, పగిలినా రెండు రాగి ముఖాలు ఒకదాన్నొకటి తాకే వీలు లేదు. ఉబ్బు కూడా ఒకేచోట పోగుపడదు. ఈ 20 మిల్లీమీటర్ల ఎడం నేను కొన్న ఏ టేపుకన్నా ఎక్కువ పనిచేసింది. దీనికి ఖర్చు సున్నా.

అతుకు కూడా సన్నగా ఉండాలి. రెండు కొసల్ని జడలా మెలిపెట్టి ముడి నిలబెట్టకండి. ఒకదాని వెంట ఒకటి పడుకోబెట్టి, ఒక్కో కొసను రెండోదాని చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పి, ఐరన్ తాకించి, సోల్డర్ రవ్వంత పెట్టి తీసేయండి. వేలితో తడిమితే ముల్లు గుచ్చుకోకూడదు. ముల్లు ఉంటే ఏ తొడుగునైనా పొడుచుకుని బయటికి వస్తుంది.

అతుకు మీద ఏం వేయాలి

నేను వేసింది 1 మి.మీ. ష్రింక్ స్లీవ్, అంటే సన్నని ప్లాస్టిక్ గొట్టం. వేడి తగిలితే సగానికి కుదించుకుంటుంది, అంటే లోపలి వ్యాసం అర మిల్లీమీటరు అవుతుంది. 36 గేజి అతుకును సరిగ్గా పట్టుకుంటుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కోఠి గుజరాతీ గల్లీలో అన్ని సైజులూ దొరుకుతాయి. మన ఊరి ఎలక్ట్రానిక్స్ కొట్లో 2 మి.మీ. కన్నా సన్నది అడిగితే కొన్నిసార్లు మొహం చూస్తారు, ముందే అడిగి తెప్పించుకోండి. అతుక్కు రెండు వైపులా 5 మి.మీ. చొప్పున కప్పేలా ముక్క కోయాలి, కుదించుకునేటప్పుడు పొడవు కూడా కొంచెం తగ్గుతుంది.

స్లీవును సోల్డరింగ్‌కు ముందే తీగలోకి ఎక్కించాలి. ఈ మాట ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకు చెప్పానో లెక్కలేదు. అయినా నేనే ఇప్పటికీ నెలకోసారి మరిచిపోయి, చేసిన అతుకు విప్పుతుంటాను. ఎక్కించాక అతుక్కు కనీసం నాలుగు సెంటీమీటర్ల దూరం జరపండి. దగ్గరే ఉంటే సోల్డరింగ్ వేడికి అక్కడే బిగుసుకుని కూర్చుంటుంది.

వేడి పెట్టడానికి ఐరన్ మొన వద్దు, దాని పక్క భాగాన్ని స్లీవుకు తాకీ తాకనట్టు అటూ ఇటూ తిప్పాలి. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు వేడి చాలావరకు సరిపోదు. అగ్గిపుల్ల మసి చేస్తుంది. ఏదైనా సరే, తీగ బొమ్మ బయట ఉన్నప్పుడే. రంగు పూసిన కర్ర దగ్గర వేడి పెట్టి నేనొక మావటివాడి తలపాగా మాడ్చాను.

స్లీవు కూడా పట్టనంత ఇరుకైతే కాప్టన్ టేపు. తేనె రంగులో పారదర్శకంగా ఉంటుంది, జిగురుతో కలిపి సుమారు 0.06 మి.మీ. మందం, 260 డిగ్రీల వేడిని కూడా తట్టుకుంటుంది. దీన్ని చుట్టకండి. ఒక ముక్కను జిగురు పైకి ఉండేలా బల్ల మీద పరిచి, తీగల్ని ఒకదానికొకటి తగలకుండా పక్కపక్కన పేర్చి, పైన ఇంకో ముక్క అంటించండి. మూడు తీగలు కలిసి రిబ్బనులా అవుతాయి, మందం మిల్లీమీటరులో మూడో వంతు. పీటకూ మెట్టు పలకకూ మధ్య సందులోంచి నా తీగలు అలాగే బయటికొస్తాయి. కాప్టన్‌కు ఒక దుర్గుణం ఉంది. అంచున చిన్న గాటు పడిందంటే చివరి దాకా చిరుగుతుంది. మూలల్ని గుండ్రంగా కత్తిరించాలి.

ఇక పూతలు. గోళ్ల రంగు గురించి చెప్పాలి, అందరి ఇళ్లలో ఉండేది అదే కదా. ఒక్క పూత వేస్తే సోల్డర్ మొనల మీద నిలవదు, పక్కలకు జారిపోయి మొన మీద పొరే ఉండదు. అసలు అవసరం మొన మీదే. నా రెండో ఏటి షార్టుకు అదే కారణం. అందులోని ద్రావకం బొమ్మ రంగును కూడా కరిగిస్తుంది. దానికి బదులు వైండింగ్ షాపులో వార్నిష్ కొంచెం అడిగి తెచ్చుకోండి. గాలికి ఆరేదే కావాలని చెప్పండి, ఓవెన్లో కాల్చాల్సిన రకమూ ఉంటుంది. పలుచగా మూడు పూతలు, ఒక్కొక్కటి ఆరాకే మరొకటి. సెల్‌ఫోన్ రిపేరువాళ్ల దగ్గర అతినీలలోహిత దీపం కింద గట్టిపడే ఆకుపచ్చ పూత ఉంటుంది. బల్ల మీద అతుక్కు అద్భుతం. వెలుగు చేరని గాడిలో మాత్రం ఎప్పటికీ తడిగానే ఉంటుంది.

సిలికాన్ వాడదలిస్తే ట్యూబు మూత తీసి వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే వద్దు, ఆ ఆమ్లం రాగిని తింటుంది.

రంధ్రం అంచు

తీగ బాగున్నా రంధ్రం చెడగొడుతుంది. పీటకు వేసిన 1.5 మి.మీ. రంధ్రం అంచు గరుకుగా ఉంటే, లాగిన ప్రతిసారీ పూత గీకుతుంది. గరుకు కాగితాన్ని పుల్లలా చుట్టి అంచు నునుపు చేశాక, లోపల ఒక గొట్టం పెట్టాలి. ఇంతకుముందు చెవి శుభ్రం చేసుకునే ప్లాస్టిక్ పుల్లల్ని కోసి పెట్టేదాన్ని. 2022 జులై 1 నుంచి వాటిని నిషేధించారు, మంచిదే. ఇప్పుడు కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్ ముక్కను చీలుస్తాను. అందులో ఎనిమిది రంగుల తీగలుంటాయి. ఒక దానికి మూడు సెంటీమీటర్ల దగ్గర చుట్టూ గాటు పెట్టి లాగితే తొడుగు పాము కుబుసంలా ఊడి వస్తుంది. బయటి మందం సుమారు మిల్లీమీటరు, లోపలి రంధ్రం అర మిల్లీమీటరు. రెండు ఎనామెల్ తీగలు దూరుతాయి. మూడో తీగకు ఇంకో గొట్టం, పక్కన ఇంకో రంధ్రం.

తీగలు గాడిలో పడుకున్నాక మల్టీమీటరు (తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూపే పరికరం) పెట్టి చూసి, ఆ తర్వాతే మక్కుతో పూడ్చాలి. మక్కు అంటే చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. కొండపల్లి కళాకారులు బొమ్మ భాగాలు అతికేది దానితోనే. తడి ముద్ద కాబట్టి ఎక్కడ రాగి బయట ఉన్నా ఆ తడి గుండా కరెంటు పాకుతుంది, తర్వాత పచ్చగా చిలుము పడుతుంది. పూడ్చి రెండు రోజులు ఆరనివ్వండి, ఆ రెండు రోజులూ దీపం వెలిగించకండి.

తొడుగు ఓడినా బొమ్మ కాలకుండా

ఎల్‌ఈడీకి ముందు కరెంటును తగ్గించే రెసిస్టర్ పెట్టాలని అందరికీ తెలుసు. ఎక్కడ పెట్టాలన్నదే ముఖ్యం. చాలామంది ఎల్‌ఈడీ కాలికే అంటిస్తారు. అప్పుడు చార్జరు నుంచి అక్కడి దాకా వచ్చే తీగలో ఎక్కడ షార్టయినా చార్జరు ఇవ్వగలిగినంతా, 2 ఆంపియర్లయినా సరే, ఆ వెంట్రుక తీగలోంచే పోతుంది. నా రెండో ఏడు జరిగింది అదే. మూడో ఏడు రెసిస్టర్లను పీట కింద, చార్జరు తీగ రాగానే మొదటే పెట్టాను. పసుపు ఎల్‌ఈడీకి 330 ఓములు, తెల్లదానికి 220 ఓములు. రెండూ 9 మిల్లీ ఆంపియర్ల దగ్గర నడుస్తాయి. కర్రలో తీగలు పూర్తిగా కలిసిపోయినా 330 ఓముల వైపు 15, 220 వైపు 23 మిల్లీ ఆంపియర్లు దాటవు. దీపం ఆరుతుంది, అంతే. వేడి పుట్టదు. ఇరుకు లోపల లావు వస్తువు ఉండకపోవడం అదనపు లాభం.

ఎల్‌ఈడీ పొడుగు కాలు ప్లస్. కత్తిరించాక అది తెలియదు గనక దాని అడుగు అంచు తడిమి చూడండి, చదునుగా ఉన్న వైపు మైనస్. మైనస్ కాలు పొట్టిగా, ప్లస్ కాలు పొడవుగా కోస్తే ఇక్కడ కూడా అతుకులు ఎదురెదురు పడవు. కాళ్లకు 1.5 మి.మీ. స్లీవ్.

పవర్ బ్యాంకుతో వెలిగించాలనుకునేవాళ్లకు ఒక మాట. చాలా పవర్ బ్యాంకులు ఇంత తక్కువ కరెంటును చూసి ఎవరూ వాడటం లేదనుకుని కాసేపటికి ఆగిపోతాయి. తొడుగులో తప్పుందేమోనని నేను ఒక పూటంతా వెతికాను. మామూలు చార్జరు పెట్టుకోండి.

కొలువు ఎత్తేటప్పుడు తోక తీగను బొమ్మకు బిగించి చుట్టకండి. అరచేయంత చుట్ట చేసి, పాత చీర ముక్కలో బొమ్మతో పాటు వదులుగా పెట్టండి. ఏ తీగ ఏ దీపానిదో కాగితం చీటీ మీద రాసి కట్టండి. మరుసటి భోగికి పెట్టె తెరవగానే చార్జరు గుచ్చకుండా, తీగల్ని రెసిస్టర్లకు కలపకముందే మీటరు పెట్టి, రెండు ప్లస్ తీగలకూ మధ్య ఒకసారి, ఒక్కో ప్లస్‌కూ ఉమ్మడి మైనస్‌కూ మధ్య ఎల్‌ఈడీ వెలగని దిశలో ఒకసారి చూడాలి. అంకె కదలకపోతే పై మెట్టు మీద పెట్టొచ్చు. నిరుడు ఆ మీటరు పట్టుకున్నది మనవరాలే. ‘‘ఏమీ చూపించడం లేదు అమ్మమ్మా, పాడైందా?’’ అని అడిగింది. లేదమ్మా, బాగుంది, స్విచ్ వెయ్యి అన్నాను.